ఏడేళ్ల నీళ్లు

ఆదోనిలో మూతబడ్డ జిన్నింగు మిల్లు అద్దెకు తీసుకుని
అంతరిక్ష నౌక కడుతున్నాం.
సినిమాలో అది ఏడేళ్లు పోవాలి, ఆరుగురితో.
మాకిచ్చింది నలభై రోజులు,
ప్లైవుడ్డు, ఫోము, పాత కూలర్ల డొక్కులు.

మొదటి గీతలు నావే.
గుడ్డు లోపలిలా నున్నటి తెల్ల గోడలు,
కీలు కనబడదు, మేకు తల కనబడదు,
కింద అంచంతా నీలం లైటు.
అద్భుతమని హైదరాబాదు నుంచి ఫోనులో మెచ్చుకున్నారు.
ఉరుకుందప్ప మాత్రం
బీడీ చెవి మీద పెట్టుకుని లోపలంతా ఒక చుట్టు తిరిగొచ్చి
"ఎవురన్నా సచ్చిపోయినారామ్మా దీంట్లో?" అన్నాడు.
లేదన్నాను.
"అయితే ఎవురూ బతకనూ లేదు."

ముప్పై ఒక్క ఏళ్లు ఈ మిల్లులోనే ఫిట్టరు.
ఎడమ చూపుడు వేలు సగమే ఉంటుంది,
మిగతా సగం సంగతి మూడో నంబరు జిన్నుకి తెలుసు.

"ఈ గోడ ఎనకాల ఏముండాది?"
గొట్టాలు. గాలివి, నీళ్లవి.
"పగిలితే?"
నేను కాగితం వైపు చూశాను.
"చెయ్యి దూరే సందు లేనిది మిషను కాదు తల్లీ, బొమ్మ."

ఆ పూట నుంచి రంపం ఆయన చేతిలో.
నా తెల్లదనాన్ని నిలువునా కోసి
మోచేతి దాకా పట్టే తలుపులు పెట్టాడు.
ఒక తలుపుకి నాలుగు స్క్రూలుండాలి, మూడే బిగించాడు.
నాలుగోది?
"రిపేరు చేసినోడు యాడ్నో పారేసుకున్నాడు."
అలాంటివాడు కథలో లేడు.
అయినా ఆ ఖాళీ బెజ్జం దగ్గర
వాడు తిట్టుకున్న తిట్టు నాకు వినబడింది.

మలుపులో భుజమెత్తున రంగు గీకాడు.
"మూట మోసేటోడు ఈడ్నే రాసుకుంటాడు."
మిల్లు పాత లీవరు పిడి ఊడదీసుకొచ్చి
తలుపు పక్కన బిగించాడు.
ఎన్ని షిఫ్టుల చెమటో,
ఇత్తడి బెల్లం రంగుకు తిరిగింది.

పరుపులు కుట్టడానికి దస్తగిరమ్మ వచ్చింది.
దూదేకిన ఇంటి మనిషి,
ఫోము చూసి మొహం తిప్పేసుకుంది.
ఆరుగురిలో ముడుచుకుని పడుకునేదెవరు,
నిద్రలో పొర్లేదెవరు అని అడిగింది.
నాకు తెలియదు. రాసినాయనకీ తెలియదు.
తనే తేల్చుకుని, ఒక పరుపుకు నడిమిలో గుంట చేసింది.

మధ్యాహ్నం సద్ది తింటూ,
"నీళ్లు ఎన్నాళ్లకొకసారి ఇడుస్తారు ఈళ్లకి?"
విడవరమ్మా. ఉన్నవే మళ్లీ మళ్లీ వాడుకుంటారు.
"కొలత?"
స్క్రీను మీద అంకెలొస్తాయి.
"కరెంటు పోతే?"

లేచి, చేతులు కడుక్కోకుండానే,
ట్యాంకు పక్కన మేకుతో గీతలు గీసింది.
పైన గీతకూ గీతకూ జానెడు ఎడం,
కిందికొచ్చేకొద్దీ దగ్గర దగ్గరగా,
అడుగున వెంట్రుక పట్టదు.
అదేంటమ్మా, సమానంగా గీయాలి కదా?
"నీళ్లు తగ్గేకొద్దీ ఊరికూరికే చూస్తారు గదా," అంది.

షూటింగు నాడు ఎర్ర లైట్లు, పొగ.
హీరో పరుగెత్తుకు రావాలి.
ఎవరూ చెప్పలేదు, మలుపులో అతని భుజం
గీకిన చోటనే రాసుకుంది,
చెయ్యి పోయి ఆ పిడి మీదే పడింది.
కెమెరా వెనక ఉరుకుందప్ప
సగం వేలున్న చేతిని గట్టిగా మూసుకున్నాడు.
పదకొండు సెకన్లు.
ట్యాంకు ఫ్రేములోకి రాలేదు.

విప్పేసే రోజు దస్తగిరమ్మ కూలి డబ్బులకొచ్చింది.
"చేరినారా ఆళ్లు?"
సినిమా అంతకు ముందే అయిపోతుందమ్మా.
"అయిపోయేతలికి ఎన్నో గీత కాడుండాయి నీళ్లు?"
నోటికొచ్చింది చెప్పాను,
కింద నుంచి నాలుగోది.

డబ్బులు కొంగున ముడేస్తూ ఆగింది.
"సాలవు," అంది.

బయట లారీవాడు హారను కొడుతున్నాడు.