ఆరో ప్రశ్నకి పదిహేను మార్కులు

పూటకి నలభై స్క్రిప్టులు.
మిర్చి యార్డు మీదుగా గాలి తిరిగితే
వాల్యుయేషన్ హాలంతా ఒకేసారి తుమ్ముతుంది.
గుంటూరు ఏప్రిల్లో
చిరంజీవ అనే తీరిక ఎవరికుంది?

ఆరో ప్రశ్న:
విక్టోరియా కాలపు నవలలో
జమీందారు పిల్లలకి చదువు చెప్పే పంతులమ్మను
సమాజం, వర్గం ఎలా మలిచాయి?
ముప్పై తొమ్మిది మంది గైడు దించేశారు,
అందులోని అచ్చుతప్పుతో సహా.

నలభయ్యో దానికి పేరు లేదు, బార్‌కోడే.
అక్షరాలు కుడికి వాలి
బస్సు కోసం పరుగెడుతున్నట్టున్నాయి.
ఇంగ్లీషు కుంటుతోంది. అయినా ఆగలేదు:

"ఆమె దొరల బల్ల దగ్గర తినదు.
వంటవాళ్ళతోనూ తినదు.
పై గదికి పళ్ళెం పంపిస్తారు.
అది ఎన్నో మెట్టు దగ్గర చల్లారిందో
రచయిత రాయలేదు.
నాకు తెలుసు.

బ్రాడీపేటలో ఇద్దరు పిల్లలకి ట్యూషన్ చెప్తాను.
వాళ్ళమ్మ నన్ను మేడమ్ అంటుంది,
టీ మాత్రం కిటికీలో విడిగా ఉండే
సొట్టగ్లాసులో ఇస్తుంది.
మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తుంది.
ట్యూషన్‌కెళ్ళే ముందు నేను
రెండుసార్లు సబ్బుతో చేతులు రుద్దుకుంటాను.
పుస్తకంలో ఆమె చేతులకి తొడుగులేసుకుంటుంది.

మెల్లగా మాట్లాడటం ఆమె స్వభావమని గైడు రాసింది.
జీతం పదో తారీకు దాటితే
ఎవరైనా మెల్లగానే అడుగుతారండి."

కింద ఒక వాక్యం కొట్టేసి ఉంది.
వెలుతురుకి పట్టి చదివాను:
"ఇలాంటి కథల్లో చివరికి ఎవరో దూరపు చుట్టం చచ్చిపోయి
ఆమెకి ఆస్తి వస్తుంది.
మాకూ చచ్చిపోయిన చుట్టాలున్నారు."

చీఫ్ ఎగ్జామినర్ యడ్లపల్లి గారు
భుజం మీదుగా వంగి చూశారు.
"సొంత గోలకి స్కీములో మార్కుల్లేవు మాస్టారూ."
పన్నెండు వేద్దామనుకున్నాను.
తొమ్మిది వేశాను.
తొమ్మిదిని గుండ్రంగా, అందంగా దిద్దాను కూడా.

ఇంటికొచ్చేసరికి గొంతు మండుతోంది.
మా పాపకి లెక్కలు చెప్పే అమ్మాయి
అప్పుడే వెళ్ళినట్టుంది,
గుమ్మం దగ్గర చాప ఇంకా పరిచే ఉంది.
వంటింటి కిటికీలో, చువ్వ పక్కన
ఒక గ్లాసు బోర్లించి ఉంది.
ఇన్నేళ్ళూ అది ఎవరిదని అడగలేదు.

కడిగి, కుండలో నీళ్ళు ముంచుకున్నాను.
సగం తాగానో లేదో
వెనకనుంచి మా ఆవిడ,
"అయ్యో, అదెందుకు తీశారండీ" అంది.