కొమ్ము వెలుగు

పర్లాకిమిడిలో కరెంటు పోయే వేళకి ముందే
ఫిల్ములన్నీ తీసెయ్యాలి.
గడ్డం ఇక్కడ ఆనించమ్మా,
ముందరి పళ్ళతో ఈ పుల్ల కరిచి పట్టుకో,
గుటక మాత్రం వెయ్యకు.
కూర్మమ్మ తల చుట్టూ
మిషను ఒక్క చుట్టు తిరిగి ఆగింది.

తెర మీద దవడ, విప్పిన చాపలా.
ఎడమ కోరపన్ను కింద మొదలై
గడ్డం నడిమి దాటి అవతలికి పోయింది నలుపు.
నలుపులో అక్కడక్కడ అడ్డుగీతలు,
సబ్బునురగ చచ్చేముందు మిగిలేలాంటివి.
రెండు పళ్ళ వేళ్ళు పక్కకి ఒరిగాయి,
ఒకదాని కొస కరిగిపోయింది.

"పన్ను పీకీసినారు బాబూ, వాపు తగ్గనేదు.
పుట్టకురుపు కాదు కదా?"

కాదనే అనిపిస్తోంది.
పెద్ద కణాల గడ్డ, ప్రాణం తీసేది కాదు.
కానీ ఒకే మొహంతో
రెండు జబ్బులు తిరుగుతాయి ఈ ఎముకలో.
ఒకటి ఇక్కడే పుట్టింది.
రెండోది ఎవరో పంపితే వచ్చింది.
ముక్క కోసి అద్దం కింద పెట్టినా
ఆ రెండూ కవలలే.

"ఏదీ, ఇటియ్యి" అని ఫిల్ము లాక్కుని
కిటికీకి ఎత్తి పట్టుకుంది.
కొమ్ముని కాచి, నొక్కి, రేకు తీసి
దువ్వెనలూ కొంగలూ చెక్కే ఇల్లు వాళ్ళది.
ఒక కన్ను మూసి చూసింది, చాలాసేపు.
"ఇంత పలచనైపోనాక రంపం ఎట్టకూడదు.
ఎందుకు అరిగిందో ముందు సూడాల."

ఆ మాటకి నాకు తట్టింది.
"ఒంట్లో రాళ్ళేమైనా పడ్డాయా?"
"రొండుసార్లు. బరంపురంలో తీసినారు.
నడుం సలుపు సరేసరి.
ఆటికీ దవడకీ ఏటి సమ్మంధం?"

సబత డాక్టరు రిపోర్టు చివర
ఒక్క వాక్యం కలిపారు:
కోతకి ముందు రక్తంలో కాల్షియం చూడండి.

పదమూడు దాటింది.
మెడలో, థైరాయిడ్ వెనక నక్కి
చింతగింజంత గ్రంథి.
ఎన్నేళ్ళ నుంచో బొమికల్లో సున్నం తోడి
నెత్తుట్లో పోస్తోంది చడీచప్పుడు లేకుండా.
దాన్ని తీశారు. దవడని ముట్టుకోలేదు.

ఏడో నెలలో మళ్ళీ వచ్చింది,
మెడ మీద సన్నటి గీత.
నలుపులో తెలుపు
రవ్వ రవ్వగా దిగుతోంది.
నేను సంబరంగా ఫిల్ము చేతికిచ్చాను.

కిటికీ దగ్గర మళ్ళీ ఆ ఒంటి కన్ను.
"ఇంకా పచ్చిగున్నాది" అంది,
సంచీలో మడిచి పెట్టుకుంటూ.