రెండు బిందెలు

అమీర్‌పేట్‌లో మెట్రో దిగేలోపు
నా చేతిలోని ఫోను పదకొండుసార్లు మనసు మార్చుకుంది.
స్టేషన్ వైఫై కాసేపు, టవర్ కాసేపు,
మళ్ళీ వైఫై.
ల్యాప్‌టాప్‌లో ఒక్కో మార్పూ ఒక్కో ఎర్ర చుక్క.
పింగ్‌పాంగ్ అంటారు మా పరిభాషలో.
మా గైడు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ
ఊగిసలాట అంటాడు.

సిగ్నల్‌కి ఇంత తూకం, ఖర్చుకింత, ఆలస్యానికింత,
బ్యాటరీకి మిగిలిన పిసరు.
అన్నీ కలిపితే ఒకటి రావాలి.
మూడేళ్ళుగా వస్తూనే ఉంది,
కాగితం మీద.

బోరబండ బస్టాపులో
మణెమ్మ బండి మీద జామకాయలు, ఉప్పూకారం.
ముప్పై రూపాయలు పంపాను.
ఆమె ఫోనులో చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది.
పైన వైఫై గీతలు నిండుగా ఉన్నాయి,
బిల్లు కట్టని పక్క షాపువి.
తడి బొటనవేలితో, చూడకుండానే,
వైఫై ఆపేసింది.
"గీతలదేముంది సారూ,
నల్లా గూడ తళతళ మెరుస్తది. నీళ్ళుంటెనా?"

మరి ఎప్పుడు మారాలో ఎలా తెలుస్తుందన్నాను.

"నల్లా సప్పుడు గాంగనే
ట్యాంకరోన్ని వాపస్ పంపుతరా ఎవరన్న?
రెండు బిందెలు నిండెదాంక సూస్తం.
ధార నిలవడ్డదంటె అప్పుడు జెప్తం,
రేపు రావొద్దని."

రెండు బిందెలు.
నా థీసిస్ పద్ధెనిమిదో పేజీలో
దానికొక గ్రీకు అక్షరం ఉంది.
విలువెంతో తెలీక
ఐదు డెసిబెల్స్ అని ఊరికే రాసి పెట్టాను.

"అందరూ నల్లా దగ్గరికే వస్తే?"
పరీక్ష పెడుతున్నట్టు అడిగాను.
"గదే గద లొల్లి! పై గల్లీల మోటర్లేస్తే
కింద మాకు గాలొస్తది.
గందుకే సత్తెమ్మ, నేను మాట్లాడుకున్నం.
నాలుగింటికి ఆమె, ఐదింటికి నేను."

నా మోడల్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.
వెయ్యిమంది వినియోగదారులు
ఒకే క్షణంలో ఒకే వైపు దూకి,
అక్కడ ఇరుకని
ఒకేసారి వెనక్కి దూకుతారు.

టింగుమని ముప్పై రూపాయలు పడ్డాయి.
ఆలస్యమైనందుకేమో
పండినదేదో వెతికి
ఇంకో కాయ నా చేతిలో పెట్టింది.

రాత్రి హాస్టల్లో
ఐదు కొట్టేసి రెండు రాశాను.
పక్కన యూనిట్ రాయలేదు.
గైడు అడుగుతాడు, రెండేమిటని.

కింద ఎవరో మోటరు వేశారు.
కిటికీలో ఫోను
మళ్ళీ వైఫై వదిలేసింది.