ఎనిమిది నిమిషాలకోసారి

ఎనిమిది నిమిషాలకోసారి
చుక్క సాగుతోంది, వేరుశనగ గింజలా.

నోల్బెర్తో మౌంటు విప్పాడు.
బస్సుల గేర్‌బాక్సులు విప్పిన చేతులు,
ఇంత చిన్న మరలకు మొద్దు వేళ్లు.
వైరు లాగుతోందా? లేదు.
బ్యాటరీ? నిండుగానే ఉంది.
దక్షిణపు ఆకాశానికి ధ్రువుడు లేడు కదా,
గురి తప్పానేమోనని మళ్లీ చూసుకున్నాడు.
అదీ కాదు.

యస్నా టార్చి పట్టింది, ఎర్ర కాగితం చుట్టి.
పేరుకున్న గ్రీజులో
వార్మ్ గేరుకు చుట్టుకుని
ఒకే ఒక్క తెల్ల వెంట్రుక.
"పలోమాదే!" అంది.

తీశాడు. తుడిచాడు.
కుట్టుమిషను నూనె రెండు బొట్లు.

ఇప్పుడు చుక్క ఆవగింజంత, గుండ్రంగా.
ఈలోగా మెగలన్ మేఘం
కొండ వెనక్కి జారిపోయింది.

ఎల్కీ లోయ తెల్లబడుతోంది.
దొడ్లో పలోమా అరుస్తోంది,
పాలు పిండరేమని.