రాజీ పద్దు

పొద్దున్న ఆరూ ఇరవైకి
స్టాక్టన్ వీధుల్లో పొగమంచు
పిండని దుప్పటిలా వేలాడుతుంది.
పన్నెండేళ్లుగా ఇదే వ్యాను తోలుతున్నాను.
ఏ మెట్టు దగ్గర ఎవరి మోకాలు మొరాయిస్తుందో
నా మోచేతికి తెలుసు.

మొదట దెయోలిందా.
అజోర్స్ దీవుల నుంచి వచ్చి
నలభై ఏళ్లు ఆవుల్ని పితికిన వేళ్లు
ఇప్పుడు చెంచాని కూడా నమ్మవు.
తర్వాత మా హ్మాంగ్ వాళ్లావిడ, పెద్దమ్మ న్యియా.
ఏ ఊళ్లో పుట్టావంటే కొండ పేరు చెబుతుంది.
మూడో వరుస కిటికీ పక్కన సిల్వెరియో.
ఆస్పరాగస్ మళ్లలో వంగిన నడుం
మళ్లీ పూర్తిగా లేవలేదు.
టోపీ మాత్రం ఎప్పుడూ నిటారుగానే ఉండేది.

వీళ్లని పగటి కేంద్రానికి చేర్చడం నా పని.
అక్కడ ఒక నర్సు, వేడి సూపు,
కాళ్లకి కసరత్తు, చిల్లర పందేల బింగో.
ఇంతే.
ఇంతదాన్ని ఖర్చు అన్నారు.

ఉత్తరం తొమ్మిది పేజీలు.
అందులో మాకు అర్థమైంది తేదీ ఒక్కటే.
ఆ తేదీ తర్వాత వ్యాను షెడ్డులో నిలబడింది.
దెయోలిందా రెండుసార్లు జారిపడింది.
పెద్దమ్మ న్యియా తలుపేసుకుని
ఇంట్లో కూడా మాట్లాడడం మానేసింది.
సిల్వెరియో మాత్రం
ఇస్త్రీ చొక్కా తొడుక్కుని
ఉచిత న్యాయ సహాయం ఆఫీసుకి నడిచాడు,
చేతికర్రతో, పదకొండు వీధులు.

దావా మీద ఆయన పేరే ముందుంది.
ప్రభుత్వ న్యాయవాది, మర్యాదస్తురాలు,
అడిగింది: "మీ అంతట మీరు లేచి నిలబడగలరా?"
నిలబడ్డాడు.
అదే ఆయన చేసిన తప్పు.
రోషం ఉన్న మనిషి, అడిగితే నిలబడడూ?
"చూశారుగా, నిలబడగలడు" అని రాసుకున్నారు.
తర్వాత మూడు రోజులు మంచం దిగలేదని
ఎవరూ రాసుకోలేదు.

రెండేళ్ల ఏడు నెలలకి రాజీ.
కేంద్రం తెరుస్తారట, కొందరికి డబ్బిస్తారట.
కాగితం అడుగున ఒక వాక్యం:
రాష్ట్రం ఏ తప్పునూ ఒప్పుకోవడం లేదు.
తప్పు లేనప్పుడు ఈ డబ్బు దేనికని అడిగాను.
లాయరు పిల్ల అలసటగా నవ్వింది.
"ఆ వాక్యం లేకపోతే సంతకం ఉండదు, నెంగ్."

సంతకంతో అయిపోలేదు.
డబ్బు సభ ఇవ్వాలి.
వ్యానులో కూర్చుని ఫోనులో చూశాను:
అగ్నిమాపక ఇంజన్లకీ
జైలు పైకప్పుల మరమ్మతుకీ నడుమ
మా పద్దు వచ్చింది.
పేరు లేదు, మనిషి లేడు, ఒక అంకె.
వ్యతిరేకించేవారు? లేరు.
నేను సీసా మూత తిప్పేలోపు ఆమోదం.
అంత తేలికా అని అరిచాను, ఖాళీ సీట్ల మీద.

మా అమ్మాయి పాకూ లెక్కలు చదివింది.
టాకో బండి దగ్గర పేపరు నాప్కిన్ మీద కూడింది.
మాన్పించి మిగిల్చిన సొమ్ము,
రెండు వైపుల లాయర్ల ఫీజులు, పరిహారం,
దెయోలిందా తుంటి ఆపరేషన్.
కింద గీత గీసి నాప్కిన్ నా వైపు తోసింది.
చారెడు మిగుల్చుకోబోయి
మానెడు కొలుస్తున్నారు నాన్నా, అంది.
ఎవరి గాదెలోంచి?
అదే గాదె. మనదే.
సాస్ మరక పడి చివరి సున్న చెరిగింది.
ఒక సున్నాతో ఏమైంది, తిన్నాం.

సిల్వెరియో చెక్కు ఆగస్టులో వచ్చింది.
ఆయన మే నెలలో పోయాడు.
చెక్కు మీద పేరులో అక్షరం కూడా తప్పు పోలేదు.
వాళ్ల మేనకోడలు ఎస్తెలితా దాన్ని తిప్పి చూసి,
మళ్లీ తిప్పి చూసి,
బియ్యం డబ్బా మూత కింద పెట్టింది.

వ్యాను మళ్లీ తిరుగుతోంది.
మూడో వరుసలో బెల్టు
ఇంకా ఆయన పొట్ట కొలతకే ఉంది.
కొత్తగా వచ్చిన లావుపాటాయన
ఊపిరి బిగబట్టి పెట్టుకుంటాడు.
వదులు చేస్తానని రోజూ అనుకుంటాను.

దెయోలిందాకి ఈమధ్య మతిమరుపు.
వంతెన దిగగానే వెనక్కి తిరిగి అడుగుతుంది,
"సిల్వెరియో రాలేదేం ఇవాళ?"
అద్దంలో ఆమెని చూస్తూ
గేరు మారుస్తాను.
"కోర్టుకెళ్లాడమ్మా," అంటాను.