పంటి కింద ఇసుక

సెత్ రేవులో గుల్లలమ్మే జోసెట్
నలభై ఏళ్లుగా ఇసుకతోనే పోట్లాడింది.
తెల్లీన్ గుల్లల్ని రాత్రంతా ఉప్పునీళ్లలో నానేసి
తెల్లారి గిన్నె అడుగున వేలు తిప్పి
గరగర మిగిలిందేమో చూసేది.
ఒక్క రేణువు పంటికి తగిలినా
కొన్నవాడు మళ్లీ రాడు.

ఆమె కూతురు సొలెన్
మోంపెలియేలో, మూడో అంతస్తులో,
పనిగట్టుకుని ఇసుక కలుపుతోంది.

ఇసుకంటే ఇసుక కాదులే.
ఇసుక లోపలి సిలికాన్,
ఆక్సిజన్ పట్టు వదిలించుకుని
కార్బన్ చెయ్యి అందుకున్నది.
ప్రోలీన్ ఉంగరంలో ఒక కార్బన్‌ని లేపి
ఆ పీట మీద దీన్ని కూచోబెట్టింది.
కాస్త ఒళ్లున్న మనిషి. చేతులూ పొడుగే.
ఉంగరం కొంచెం జరిగి చోటిచ్చింది.

నొప్పి తగ్గించాల్సిన పెప్టైడ్ అది,
ఆరు పూసల దండ.
నిరుడు కట్టిన దండ ప్లాస్మాలో పడ్డ పావుగంటకే
తెగి చెల్లాచెదురైంది.
ఎంజైములకి అది రోజూ తినే అన్నం,
కళ్లు మూసుకుని కలుపుకుంటాయి.

ఈసారి అయస్కాంతంలో పెట్టి చూస్తే
మిగతా హైడ్రోజన్లన్నీ ఎవరి వీధిలో వాళ్లు పలికారు.
సిలికాన్‌ని అంటుకున్న ఆరుగురు మాత్రం
ఊరి చివర, ఎవరూ కాపురముండని సున్నా దగ్గర
రెండు సన్నటి గీతలై నిలబడ్డారు.
"అక్కడున్నారా" అంది సొలెన్, యంత్రంతో.

మొదటి దండ జిగురై పోయింది.
రెండోదానిలో కుడీ ఎడమా కలిసిపోయాయి.
మూడోది ఎవరో దానమిచ్చిన ప్లాస్మాలో
ముప్పై ఏడు డిగ్రీల దగ్గర.

గంట. రెండు. ఆరు.
బయట ట్రామ్ బళ్లు కూడా ఆగిపోయాయి.
తెర మీద శిఖరం తల దించలేదు.
ఎంజైము కొరికి ఉంటుంది, ఆగి ఉంటుంది,
బంతి భోజనంలో రాయి తగిలిన పెద్దమనిషిలా
మింగలేక, ఉమ్మలేక.

ఆదివారం సూప్ తాగుతూ అమ్మకి చెప్పింది.
జోసెట్ చెంచా కింద పెట్టి
వాచిన మణికట్టు ఒత్తుకుంటూ
చాలాసేపు ఆలోచించి అంది:
"అరగనిది లోపలే ఉండిపోదూ?
నా గుల్లయితే కక్కేస్తుంది."

సొలెన్ రొట్టె తుంచింది. తినలేదు.

సోమవారం నోటు పుస్తకంలో
ఆ దించని తల పక్కన, పెన్సిల్‌తో రాసింది:
"ఎటు నుంచి బయటికి? ఎన్నాళ్లకి?"
రాసి, ఎలుకల గది తాళం ఎవరి దగ్గరుందో
అడగడానికి మెట్లు దిగింది.