కడుగు నీళ్లు

ముందు ఉప్పునీళ్లు వెచ్చబెడతారు,
సరిగ్గా ఒంటి వేడికి.
గొట్టం ముక్కులోంచి దిగి
కుడి ఊపిరితిత్తి మధ్య గదిలో ఆగుతుంది.
యాభై మిల్లీలీటర్లు పోస్తారు, వెనక్కి లాగుతారు.
ఇంకో యాభై. మరో యాభై.
పోసినవన్నీ తిరిగి రావు,
లోపల ఎవరో కొంచెం తాగేస్తారు.

వచ్చిన నీళ్లు మంచుడబ్బాలో
మెట్లు దిగి నా దగ్గరికొస్తాయి.
ఇస్తాంబుల్‌లో నేలమాళిగ ల్యాబు మాది.
కిటికీలోంచి జనం కాళ్లే కనబడతాయి,
పది జతల్లో ఏడు జీన్సు.

ఈ సీసా మీద పేరు రిజ్‌గార్.
వయసు ఇరవై ఆరు.
ఊరు బింగోల్ కొండల్లో ఎక్కడో.
పని అన్నచోట డాక్టరు రాసింది ఒక్కటే మాట:
ఇసుక.

సీసా ఊపి చూడడం నాకు అలవాటు.
బాగున్న ఊపిరితిత్తి నీళ్ల మీద
పాలపొంగులా నురగ నిలబడుతుంది.
ఇవి బియ్యం కడుగులా మసగ్గా ఉన్నాయి.
నురగ లేచింది గానీ
నిలవలేదు.

ఎల్‌డీహెచ్ సంగతి చెప్పాలి.
గడప దాటని ఎంజైము అది.
కణం ఇంట్లో
గాలి తగ్గినా పొయ్యి ఆరనివ్వని పని దానిది.
అది వీధిలో కనబడిందంటే
పేరంటానికొచ్చి కాదు,
గోడ కూలింది.

ఎలాస్టేజ్ అలా కాదు,
కాపలావాళ్లు వెంట తెచ్చుకున్న కత్తి.
ఇసుకరేణువును ఏ కత్తి కోస్తుంది?
దొంగ తెగడు.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదు,
వాసాలే నరుకుతుంది;
సాగి ముడుచుకోవాల్సిన నారలు
సాగినవి సాగినట్టే ఉండిపోతాయి.

కంటికానని వెలుతురు సన్నటి గాజుడబ్బీ దాటింది.
మెషిన్ అంకె చెప్పింది.
నేను నమ్మక మళ్లీ పెట్టాను.
మామూలుకు ఆరింతలు.

రిపోర్టు కోసం అతనే దిగొచ్చాడు, కిందికి రాకూడదు అసలు.
పన్నెండు మెట్లకు మూడుసార్లు కూర్చున్నాడు.
“అబ్లా,” అన్నాడు. అంటే అక్కా అని.
ఊపిరి కోసం ఆగి, మళ్లీ అన్నాడు.

“పదహారేళ్లకి వచ్చాను.
కిటికీ లేని గది. రాత్రి పడకా అక్కడే.
పైపుతో ఇసుక కొడితే
కొత్త ప్యాంటు తొడల దగ్గర పాతబడుతుంది.
పాతదానికే ధర ఎక్కువ, తెలుసా?
రోజుకి నాలుగొందల ప్యాంట్లకి
ముసలితనం పట్టించాను.”
నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి జారిపడింది.

“బీమా ఆఫీసులో పని చేసినట్టు కాగితమడుగుతున్నారు.
ఏ పుస్తకంలోనూ నా పేరు లేదు.
ఆ గది ఉన్నచోట ఇప్పుడు పెళ్లిబట్టల కొట్టు.
ఈ నీళ్లు చెబుతాయా అబ్లా,
నేనెక్కడ చేశానో?”

ఏం చెప్పను.
ఎంజైముకి గోడ కూలిందని తెలుసు,
ఎవరు కూల్చారో తెలియదు.
వీధి పేరు రాదు దానికి, యజమాని పేరు రాదు.
వచ్చిందల్లా ఒక అంకె.
కాగితం మీద ముద్ర ఒక్కటి చాలు,
నేను రెండు వేశాను.

మడిచి జేబులో పెట్టుకున్నాడు.
తెల్లబడిన అతని జీన్సు తొడల మీద నా చూపు ఆగడం చూసి
“ఇది కొట్టింది కాదు,” అన్నాడు,
“తొడిగి తొడిగి పాతబడింది.”

మార్చిలో ఇంకో సీసా వచ్చింది.
అదే ఊరు, అదే ఇంటిపేరు,
వయసు ఇరవై రెండు.
మెషిన్ వేడెక్కుతోంది, టీ చల్లారిపోయింది.
ఊపాను.
నురగ లేచింది.
సీసా ఇంకా కింద పెట్టలేదు.